ఆస్ట్రేలియా యాత్రికుడు ఐర్, జమైకా గవర్నర్ ఐర్: ఈ జీవితాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: చరిత్ర పాఠకురాలు

మిత్రులకు నమస్కారం. బడిలో ఆస్ట్రేలియా పటం గుర్తించిన వారందరికీ ఐర్ సరస్సు పేరు గుర్తుండే ఉంటుంది. ఆ పేరు ఎవరిదన్న కుతూహలంతో మొదలుపెట్టిన చదువులో ఒకే మనిషి గురించి పొంతన కుదరని రెండు చిత్రాలు నాకు ఎదురయ్యాయి. వాటిని కలిపి ఎలా చదవాలో ఇక్కడి పెద్దలను అడగాలని ఈ ప్రశ్న రాస్తున్నాను.

ఎడ్వర్డ్ జాన్ ఐర్ 1815లో ఇంగ్లాండులో ఒక క్రైస్తవ మతాచార్యుడి ఇంట పుట్టాడు. పద్దెనిమిదేళ్ళు నిండకముందే, 1833లో, సిడ్నీ చేరాడు. అక్కడ గొర్రెల పెంపకంలోనూ, మందలను వందల మైళ్ళు తోలుకుపోయి కొత్త వలసల్లో అమ్మే వ్యాపారంలోనూ నిలదొక్కుకున్నాడు. 1841లో దక్షిణ తీరం వెంబడి, అంతవరకు ఏ యూరోపియనూ నేల మీద దాటని నిర్జల ప్రాంతాన్ని దాటాడు. ఆ తరువాత మూడేళ్ళ పాటు ముర్రే నది ఒడ్డున మూరుండీ అనే చోట మేజిస్ట్రేటుగా, ఆదివాసుల రక్షకుడిగా పనిచేశాడు. 1845లో లండన్‌లో అచ్చయిన తన యాత్రా వృత్తాంతంలో, ఆదివాసులు వలసదారులపై దాడులు చేయడానికి అసలు కారణం వారి నేలనూ వారి ఆహారాన్నీ తెల్లవారు ఆక్రమించుకోవడమేనని వాదించాడు. ఆ కాలానికి అది అరుదైన మాట.

అదే మనిషి ఇరవై ఏళ్ళ తరువాత జమైకా గవర్నరుగా ఉండగా, 1865 అక్టోబరులో మోరంట్ బేలో జరిగిన తిరుగుబాటును అణచడానికి సైనిక శాసనం (మార్షల్ లా) ప్రకటించాడు. ఆ అణచివేతలో 439 మంది చనిపోయారు, 600 మందిని కొరడాలతో కొట్టారు, వెయ్యి ఇళ్ళు తగలబెట్టారు. ఇవి విమర్శకులు పెంచి చెప్పిన అంకెలు కావు, బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తేల్చినవే.

నా సందేహాలు రెండు. మధ్యలో ఈ మనిషి మారిపోయాడా, లేక మొదటి భాగాన్నే మనం కాస్త మెత్తగా చదువుకుంటున్నామా? ఇంత జరిగినా ఇంగ్లాండులో ఏ న్యాయస్థానమూ అతన్ని శిక్షించకపోవడానికి చట్టపరమైన కారణం ఏమిటి?

సమాధానం: భూగోళం మాస్టారు

అమ్మా, మీ మొదటి సందేహంలోని రెండో భాగమే సరైన దారి అని నా అభిప్రాయం. అయితే జమైకా వెలుగులో ఆస్ట్రేలియాను చదివే ముందు, ఆస్ట్రేలియాలో అతను ఏం చేశాడో దాని మానాన అది చూడాలి.

1840లో అడిలైడ్ వలస పుట్టి ఇంకా నాలుగేళ్ళే అయింది. అక్కడి పశువుల కామందులు పడమటి ఆస్ట్రేలియాకు మందలు తోలుకుపోయే దారి కనుక్కోవాలని కోరుకున్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ దారి పశువులకు పనికిరాదని, పోతే ఉత్తరానికే పోవాలని గట్టిగా వాదించినవాడు ఐర్. చందాలు పోగై, 1840 జూన్ 18న అతని బృందం అడిలైడ్ నుంచి ఉత్తరంగా బయలుదేరింది. ఫ్లిండర్స్ కొండలు దాటాక ఎటు తిరిగినా ఉప్పు సరస్సులే అడ్డుపడ్డాయి. పైన తెల్లని ఉప్పు పెచ్చు, దాని కింద గుర్రాలు కూరుకుపోయే బురద. ఇవన్నీ గుర్రపు లాడం ఆకారంలో తనను చుట్టుముట్టిన ఒకే మహా సరస్సు అని ఐర్ నమ్మాడు. చివరిగా ఎక్కి చూసిన గుట్టకు ఆశలేని కొండ అని అర్థం వచ్చే పేరు పెట్టి వెనక్కి మరలాడు. నిజానికి అవి విడివిడి సరస్సులు, వాటి నడుమ మనుషులూ గుర్రాలూ పోగలిగిన నేల ఉందని 1858 నాటికి ఇతర యాత్రికులు తేల్చారు. మన పటాల్లో ఐర్ పేరు మోస్తున్న సరస్సు వాటిలో ఒకటి. సముద్రమట్టానికి సుమారు 15 మీటర్ల దిగువన, ఆ ఖండం మొత్తంలో అతి లోతట్టున ఉన్న నేల అది.

ఉత్తరం మూసుకుపోయాక అడిలైడ్‌కు ఓడిపోయి తిరిగి వెళ్ళడం అతనికి ఇష్టం లేకపోయింది. తాను పనికిరాదన్న పడమటి దారినే పట్టాడు. తిరిగి వచ్చేయమని గవర్నర్ గాలర్ కోరినా వినలేదు. బృందంలో చాలామందిని వెనక్కి పంపించి, 1841 ఫిబ్రవరి 25న దక్షిణ తీరంలోని ఫౌలర్స్ బే నుంచి నలుగురితో ముందుకు కదిలాడు. ఆ నలుగురిలో జాన్ బాక్స్టర్ అనే తెల్లజాతి మేస్త్రీ ఒకడు, మిగిలిన ముగ్గురూ ఆదివాసీ యువకులు. ఆ ముగ్గురిలో వైలీ పడమటి ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని కింగ్ జార్జ్ సౌండ్ ప్రాంతపు నూంగార్ జాతివాడు, తక్కిన ఇద్దరూ తూర్పున న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చినవారు.

ఆ నేల తీరు కొంచెం వివరించాలి. వారు దాటవలసిన నల్లర్‌బోర్ మైదానం అంతా సున్నపురాయి పలక. కురిసిన కాస్త వాన కూడా రాతి పగుళ్ళలోంచి కిందికి ఇంకిపోతుంది కాబట్టి వాగు గాని చెరువు గాని ఏర్పడవు. సముద్రం వైపు నిట్టనిలువు కొండచరియలు. వాటి అంచున నడిచేవాడికి కంటినిండా నీళ్ళే కనిపిస్తాయి గాని గొంతు తడుపుకోవడానికి పనికిరావు. తీరంలో ఇసుక దిబ్బలు ఉన్నచోట మాత్రం వాననీరు ఇసుకలోకి దిగి, ఉప్పునీటి కంటే తేలిక కావడం వల్ల దాని పైన నిలుస్తుంది. అక్కడ తవ్వితే మంచినీరు ఊరుతుంది. ఈ రహస్యం ఐర్ కనిపెట్టింది కాదు. ఆ తీరంలోని మహా అఖాతం (గ్రేట్ ఆస్ట్రేలియన్ బైట్) తలభాగంలో నివసించే ఆదివాసులు తమ తవ్వుడు గుంటలను చూపించి, ముందున్న దూరాలను కూడా చెప్పారు. చెట్ల వేళ్ళ నుంచి నీరు రాబట్టే పద్ధతి సైతం ఆదివాసుల దగ్గర నేర్చుకున్నదే. అదీ లేనిచోట తెల్లవారుజామున ఆకుల మీది, గడ్డి మీది మంచును స్పాంజితో అద్ది పిండుకుని తాగారు.

ఆహారం తగ్గేకొద్దీ రేషను తగ్గింది, తగవులు పెరిగాయి. ఏప్రిల్ 29 రాత్రి ఐర్ గుర్రాలకు కాపలా ఉండగా, న్యూ సౌత్ వేల్స్ యువకులిద్దరూ బాక్స్టర్‌ను కాల్చి చంపి, తుపాకులూ తిండీ తీసుకుని వెళ్ళిపోయారు. నేలంతా రాయి కావడంతో శవాన్ని పూడ్చే వీలు కూడా లేక దుప్పటిలో చుట్టి వదిలేయవలసి వచ్చింది. ఆ ఇద్దరూ కొంత దూరం వెంబడించి వైలీని తమతో రమ్మని పిలిచారు. వైలీ వెళ్ళలేదు. ఐర్, వైలీ కలిసి నడిచి, జూన్ ఆరంభంలో ఒక ఫ్రెంచి తిమింగల వేట ఓడను చూశారు. దాని నాయకుడు రోసిటర్ అనే ఆంగ్లేయుడు కావడం, అతను వారిని దాదాపు రెండు వారాలు ఓడ మీద ఉంచుకుని తిండి పెట్టి, దారి సామాను ఇచ్చి పంపడం వారి ప్రాణాలు నిలిపాయి. జూలై 7న కింగ్ జార్జ్ సౌండ్ ఒడ్డున ఉన్న ఆల్బనీ చేరారు. ఫౌలర్స్ బే నుంచి సుమారు వెయ్యి మైళ్ళు.

ఈ యాత్ర ఫలితంగా దొరికిన పచ్చిక బయలు లేదు, నది లేదు, మందల దారి లేదు. ఐర్ మొదట చెప్పినదే రుజువైంది. అయినా 1843లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం అతనికే దక్కింది. వలస కాలపు యాత్రికుల కీర్తి చాలావరకు ఇటువంటిదే. ఏం దొరికిందన్న దానికంటే ఎంత భరించాడన్న దానికే పతకాలు ఇచ్చేవారు.

మీరు ప్రస్తావించిన మూరుండీ విషయం మరింత ముఖ్యం. 1841 ఆగస్టులో ముర్రేకు చేరువలోని రూఫస్ నది దగ్గర, మందలు తోలుకొచ్చేవారూ పోలీసులూ కలిసి కనీసం ముప్పై మంది ఆదివాసులను కాల్చి చంపారు. ఆ తరువాతే అప్పటి గవర్నర్ జార్జ్ గ్రే, ఐర్‌ను కొద్దిమంది సైనికులతో అక్కడ నియమించాడు. అతను నెలనెలా ఆదివాసులను పిలిపించి గోధుమపిండి పంచాడు, తగవులు విన్నాడు. అతను ఉన్నన్నాళ్ళూ ఆ ప్రాంతంలో పెద్ద హత్యాకాండ జరగలేదు. ఇది నిజమైన ఘనతే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆ పదవిని ఎందుకు సృష్టించారో మరువకూడదు. తూర్పు నుంచి అడిలైడ్‌కు మందలు వచ్చే దారి ప్రశాంతంగా ఉండాలి. ఆదివాసుల రక్షణ ఆ దారి రక్షణలో ఒక భాగం. వారి నేల పోతున్నదని ఐర్ ఒప్పుకున్నాడు, అందుకు పరిహారం ఇవ్వాలన్నాడు. ఆక్రమణ ఆగాలని మాత్రం కోరలేదు.

సమాధానం: న్యాయశాస్త్ర విద్యార్థి

రెండో సందేహానికి నేను ప్రయత్నిస్తాను. అయితే మోరంట్ బే సంఘటన క్రమం తెలియకపోతే కోర్టుల తీరు బోధపడదు.

జమైకాలో బానిసత్వం 1838లో పూర్తిగా రద్దయినా, నాలుగు లక్షలు దాటిన జనాభాలో ఓటు ఉన్నవారు రెండు వేలకు అటూ ఇటూ మాత్రమే. శాసనసభా, మేజిస్ట్రేటు పదవులూ ఎక్కువగా తోటల యజమానుల చేతుల్లో ఉండేవి. కరవు, అమెరికా అంతర్యుద్ధం వల్ల పెరిగిన ధరలు, భూమి దొరకకపోవడం కలిసి 1865 నాటికి పేదల పరిస్థితి దుర్భరమైంది. స్టోనీ గట్ గ్రామానికి చెందిన బాప్టిస్టు పరిచారకుడు పాల్ బోగల్ ఆ ఏడాది ఆగస్టులో తనవారితో కలిసి రాజధాని స్పానిష్ టౌన్ దాకా నడిచి వెళ్ళి గవర్నర్ దర్శనం కోరాడు. ఐర్ వారిని కలవలేదు. అక్టోబరు 11న బోగల్ వెంట వందల మంది మోరంట్ బే న్యాయస్థానం మీదికి వెళ్ళారు. అక్కడి వలంటీరు దళం కాల్పులు జరిపింది, జనం భవనానికి నిప్పుపెట్టారు, జిల్లా ముఖ్యాధికారితో సహా పద్దెనిమిది మంది అధికారులూ వలంటీర్లూ హతులయ్యారు.

ఐర్ వెంటనే మోరంట్ బే ఉన్న సర్రే కౌంటీలో సైనిక శాసనం ప్రకటించాడు, కింగ్‌స్టన్ నగరాన్ని మాత్రం మినహాయించాడు. చట్టం చిక్కు మొత్తం ఈ మినహాయింపు చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే శాసనసభ సభ్యుడు జార్జ్ విలియం గోర్డన్ కింగ్‌స్టన్‌లో ఉన్నాడు. సైనిక శాసనం అక్కడ అమలులో లేదు కాబట్టి అతన్ని మామూలు న్యాయస్థానంలో, జ్యూరీ ముందు విచారించాలి. అందుకు బదులు ఐర్ స్వయంగా వెంట ఉండి అతన్ని ఓడలో మోరంట్ బేకు తరలించాడు. సైనిక న్యాయస్థానం హడావిడిగా విచారణ ముగించి, అక్టోబరు 23న ఉరి తీయించింది. మరుసటి రోజు బోగల్‌నూ ఉరితీశారు.

1866లో విచారణ సంఘం, మొదటి రోజుల్లో ఐర్ చూపిన చురుకుదనాన్ని మెచ్చుకుంటూనే, సైనిక శాసనాన్ని అవసరానికి మించి కొనసాగించారని, శిక్షలు మితిమీరాయని, గోర్డన్ నేరాన్ని రుజువు చేసే సాక్ష్యం లేదని చెప్పింది. ప్రభుత్వం ఐర్‌ను పదవి నుంచి తొలగించింది గాని కేసు పెట్టలేదు. తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ నాయకత్వంలో, ఐర్‌ను శిక్షించాలని కోరిన జమైకా కమిటీ ప్రైవేటుగా కేసులు నడిపింది. 1867లో ఐర్ నివాసం ఉన్న ప్రాంతపు మేజిస్ట్రేట్లు కేసును పైకి పంపడానికే నిరాకరించారు. గోర్డన్‌ను విచారించి ఉరితీయించిన సైనికాధికారులు నెల్సన్, బ్రాండ్‌ల విషయంలో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్, సైనిక శాసనం పేరిట పౌరులను ఇలా విచారించే అధికారాన్ని తీవ్రంగా ప్రశ్నిస్తూ సుదీర్ఘంగా జ్యూరీకి బోధించినా, కేసు విచారణకు తగునో లేదో ముందుగా తేల్చే గ్రాండ్ జ్యూరీ అభియోగాన్ని తోసిపుచ్చింది. 1868లో ఐర్ మీది అభియోగానికీ అదే గతి పట్టింది.

చివరిది సివిల్ దావా. కొరడా దెబ్బలు తిన్న ఫిలిప్స్ అనే జమైకన్ నష్టపరిహారం కోరాడు. 1870లో తీర్పు వచ్చింది. తిరుగుబాటు అణచివేతలో సదుద్దేశంతో చేసిన పనులన్నిటికీ రక్షణ ఇస్తూ జమైకా శాసనసభ ఒక చట్టం చేసిందని, అది గతానికి కూడా వర్తిస్తుందని, ఇంగ్లాండు న్యాయస్థానం దాన్ని గుర్తించాలని ఆ తీర్పు సారాంశం. ఆ చట్టానికి గవర్నరు హోదాలో ఆమోదముద్ర వేసినవాడు ఐరే. తనకు తానే క్షమాపణ ఇచ్చుకున్నాడన్న వాదన కోర్టు ముందుకు వచ్చింది గాని నిలవలేదు. అంటే అతను నిర్దోషి అని ఎవరూ తేల్చలేదు, తేల్చే అవకాశాన్నే చట్టం మూసివేసింది. 1919లో పంజాబు ఘటనల తరువాత మన దేశంలో తెచ్చిన రక్షణ చట్టం సంగతి తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

సమాధానం: పాత పత్రికల ప్రియుడు

మాస్టారు గారి వివరణతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక అడుగు ముందుకు వేస్తాను. ఐర్ మారలేదు, అతని ఎదుట నిలబడినవారు మారారు.

మూరుండీలో అతని దగ్గరికి వచ్చినవారు పిండి కోసం వచ్చారు. వారికి సభలో స్థానం లేదు, పత్రిక లేదు, లండన్‌లో మాట సాయం చేసేవారు పెద్దగా లేరు. ఇచ్చే చేయి ఎప్పుడూ ఐర్‌దే. జమైకాలో అతని దగ్గరికి వచ్చినవారు అర్జీలతో వచ్చారు. అర్జీ ఇచ్చేవాడు హక్కు గురించి మాట్లాడతాడు, కాదంటే ఎందుకు కాదో చెప్పమంటాడు. గోర్డన్ ఉదాహరణ చూడండి. తోట యజమానికీ బానిస స్త్రీకీ పుట్టి, వ్యాపారంలో పైకి వచ్చి, మేజిస్ట్రేటు కూడా అయిన మనిషి అతను. 1862లో మోరంట్ బే జైలులో ఒక జబ్బుపడిన పేదవాడిని పడవేసి చావనిచ్చారని ఫిర్యాదు చేసినందుకు ఐర్ అతన్నే మేజిస్ట్రేటు పదవి నుంచి తొలగించాడు. తరువాత మూడేళ్ళూ శాసనసభలో గోర్డన్ గవర్నరును కటువుగా విమర్శిస్తూ వచ్చాడు. కింగ్‌స్టన్ నుంచి అతన్ని తీసుకుపోయిన ఓడకు ముందు ఇంత కథ ఉంది. గవర్నర్ గాలర్ తిరిగి రమ్మన్నా వినక, ఆదివాసుల సలహా లేనిచోట కూడా ముందుకే పోయిన ఆ పట్టుదల ఎడారిలో అతన్ని బతికించింది. విమర్శకులున్న సభ మీద అదే పట్టుదల ఎంత ప్రమాదమో జమైకాలో తెలిసింది.

ప్రశ్న అడిగినవారు: చరిత్ర పాఠకురాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పత్రికల ప్రియుడు గారి వాదన నన్ను ఆకట్టుకుంది గాని, ఒక అనుమానం మిగిలింది. దాన్ని ఒప్పుకుంటే, ఇంగ్లాండులో అంతమంది పెద్దలు అతని కొమ్ము కాయడం ఎలా? వారెవరికీ గోర్డన్‌తో పాత తగవు లేదు కదా. అలాగే ఆల్బనీ చేరాక వైలీ ఏమయ్యాడో కూడా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: భూగోళం మాస్టారు

పత్రికల ప్రియుడు గారి మాటలో పస ఉంది, కానీ అంతా ఒక మనిషి స్వభావం మీద మోపితే ఐర్ వెనుక ఉన్నవారు తప్పించుకుంటారు. జమైకాలోని తెల్లవారు భయంతో వణికిపోతున్నారు. హిందూదేశంలో 1857 జరిగి ఎనిమిదేళ్ళే అయింది కాబట్టి, తిరుగుబాటు అనగానే ఇంగ్లాండు పత్రికలకు కాన్పూరే గుర్తొచ్చేది. ఆ భయమే ఐర్‌ను రక్షకుడిగా నిలబెట్టింది.

పెద్దల చీలిక మాత్రం ఆసక్తికరం. మిల్ వైపు శాస్త్రవేత్తలు డార్విన్, హక్స్‌లీ, తత్వవేత్త స్పెన్సర్ నిలబడ్డారు. ఐర్ వైపు రచయితలు కార్లైల్, రస్కిన్, డికెన్స్, కవి టెన్నిసన్ చేరారు. నా దృష్టిలో వీరందరికంటే మన చర్చకు ముఖ్యుడు రోడరిక్ మర్చిసన్. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీకి ఏళ్ళ తరబడి పెద్దదిక్కుగా ఉన్న ఆ భూగర్భ శాస్త్రవేత్త కూడా ఐర్ రక్షణ నిధిలో చేరాడు. ఎడారిలో అంత ఓర్చుకున్నవాడు, ఆదివాసులకు మిత్రుడిగా పేరు తెచ్చుకున్నవాడు క్రూరుడు ఎలా అవుతాడన్నది ఆ పక్షం వాదనలో ఒక బలమైన అంశం. అంటే మీకు పొంతన కుదరని ఆ రెండు చిత్రాల్లో మొదటిదాన్ని 1866లోనే రెండోదానికి అడ్డుగోడగా వాడుకున్నారు. ఫలించింది కూడా. అతని న్యాయ ఖర్చులను 1872లో ప్రభుత్వమే భరించింది, 1874లో పింఛను మంజూరైంది. 1901 నవంబరు 30న డెవన్‌లో చనిపోయేదాకా అతను నెమ్మదిగానే బతికాడు.

ఇక వైలీ. అతను ఆల్బనీలో తనవారి మధ్యే ఉండిపోయాడు. ఐర్ కోరిక మేరకు ప్రభుత్వం అతనికి వారంవారం తిండి దినుసులు మంజూరు చేసింది. బంగారు పతకం ఒకరికీ వారపు రేషను ఇంకొకరికీ అన్నది ఆనాటి లెక్క. బాక్స్టర్ హత్య ముందు జరిగిన దొంగతనం ఆలోచన వైలీకి తెలిసే ఉండవచ్చని ఐర్ అనుమానించాడు కూడా. అయినా ఆ రాత్రి తరువాత వైలీ తన స్వగ్రామం వైపు నడుస్తున్నాడని, తూర్పువారు తమ ఊళ్ళకు దూరమవుతూ వచ్చారని గుర్తుంచుకుంటే, విశ్వాసం, ద్రోహం అన్న మాటలు లేకుండానే ముగ్గురి నడవడికా అర్థమవుతుంది. అపరిచిత భూమిలోకి ఇంకా లోపలికి పోవడం ఇష్టంలేకనే ఆ ఇద్దరూ బయటపడాలనుకున్నారని ఐర్ కూడా తన దినచర్యలో ఊహించాడు. ఇటువంటి చోట్ల అతని పరిశీలన నిజంగా పదునైనది.

మీరు చదువు కొనసాగించే ఉద్దేశం ఉంటే, 1845 గ్రంథం రెండో సంపుటం చివర ఆదివాసుల జీవనం గురించి, వలసదారులతో వారి సంబంధాల గురించి అతను రాసిన విడి భాగంతో మొదలుపెట్టండి. ఆ వెంటనే 1866 విచారణ సంఘం నివేదికను చూడండి. యాత్ర కథ ఆఖరున చదివినా నష్టం లేదు. మీరు పటాలు చూసే అలవాటు ఉన్నవారైతే ఇంకొక సంగతి. 2012 నుంచి ఆ సరస్సు అధికారిక నామం కాటి తాండా-ఐర్ సరస్సు, కాబట్టి కొత్త పటాల్లో ఆ పేరుతోనే వెతకాలి. బోగల్, గోర్డన్‌లను 1969లో జమైకా తన జాతీయ వీరులుగా ప్రకటించింది. వారి గురించి జమైకన్లు రాసినవి కూడా ఐర్ రాతల పక్కనే పెట్టుకుని చదవడం అవసరం.